తీజ్ ఆడే గ్రౌండు

"గ్రౌండు అమ్ముతరంట!"

నల్లా దగ్గర ఎవరో అన్న ఆ మాట వినగానే సంగీత బిందె అక్కడే వదిలేసి పరుగు లంకించుకుంది. వెనక బిందె నిండి పొర్లి, నీళ్లు వీధంతా కాలవ కట్టాయి. ఇక నీళ్లు ఎవరికి కావాలి!

పెనుబల్లి అవతల, అడవి మొదలయ్యే చోట ఉంది వాళ్ల తండా. ఆడుకోవడానికి తండా మొత్తానికీ ఉన్న చదును జాగా ఆ గ్రౌండు ఒక్కటే. తొమ్మిదో తరగతి చదివే సంగీత కబడ్డీలో కూతకు వెళ్లిందంటే ఖాళీ చేతులతో తిరిగి రాదు. దసరా సెలవులు కాగానే జిల్లా జట్టు ఎంపికలు. గ్రౌండు పోతే ఎక్కడ ఆడాలి, దూడల కొట్టంలోనా?

"దాదీ! గ్రౌండు మిర్చి గోదాముకిస్తరంట. రేపు గ్రామసభల చేతులెత్తుతరంట!" అంది నాయనమ్మ జమ్లితో, రొప్పుతూ.

"ఎవలన్నరే?"

"సర్పంచ్ వీరన్న మామ. ఆ పైసలతోని రోడ్డేపిస్తడంట. నాయక్ తాత గూడ సరేనన్నడంట."

రోడ్డు మాట ఉత్తది కాదు. పోయిన వానాకాలం అంబులెన్సు బురదలో దిగబడితే, నిండు చూలాలిని మంచం మీద మోసుకెళ్లారు. అందుకే తండా నాయకుడు లాల్‌సింగ్ తల ఊపాడు. ఆయన జమ్లికి సొంత తమ్ముడే.

"ఇప్పుడే జట్టు పోరగాండ్లమంత బోయి అడిగొచ్చినం దాదీ. 'ఓటు లేనోళ్లకు సభల పనేంది, పోయి సదువుకోండ్రి' అన్నడు మామ."

జమ్లికి ఒళ్లు మండిపోయింది. "ఓటు లేదంటనా? వాని ఓటు పుట్టకముందే మన తీజ్ పుట్టింది! లగ్గం గాని ఆడపిల్లలు బుట్టలెత్తుకొని పోయి అడిగితే, వద్దన్న నాయకుడు ఈ తండల ఉన్నడా?" అని వక్క కటుక్కున కొరికింది.

అంతే, సంగీత బుర్రలో ఏదో మెరిసింది. శ్రావణం రానే వచ్చింది. బుట్టల్లో గోధుమలు చల్లి మొలకెత్తించి, వాటి చుట్టూ ఆడి పాడి తీజ్ పండగ చేసేది పెళ్లికాని ఆడపిల్లలే. చివరి రోజు ఆ మొలకలు తుంచి అన్నదమ్ముల తలపాగాల్లో చెక్కుతారు. అయితే ముందు నాయకుణ్ని అడగాలి. ఆయన మాటిచ్చేదాకా నెత్తి మీది బుట్ట దించకూడదు. ఇచ్చాక ఆ మాటకు తిరుగులేదు. ఇక ఆట అంటారా, అది ఎప్పుడూ గ్రౌండులోనే.

"దాదీ, ఈసారి రేపే అడుగుతం. గ్రామసభలనే అడుగుతం!"

జమ్లి నోట్లో వక్క ఆగిపోయింది. మరుక్షణం ఆమె నవ్విన నవ్వుకు పొదుగుతున్న కోడి లేచి కొక్కొరొకో అన్నంత పని చేసింది. "ఓ పోరీ! నా మనవరాలివనిపిచ్చినవే!"

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు టార్పాలిన్ పరిచారు. పెద్దలంతా కూర్చున్నారు. సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "గ్రౌండు సంగతి అందరికెరికే. ఇగ చేతులెత్తుండ్రి" అని వీరన్న అనబోతుండగా వీధి చివర పాట లేచింది.

కబడ్డీ బనియన్ల మీదే అమ్మల అద్దాల ఓణీలు చుట్టుకుని, నెత్తిన బుట్టలతో ఆడపిల్లలు వరసగా వస్తున్నారు. అందరికంటే ముందు సంగీత. సభలోని ఆడవాళ్లు ఊరుకుంటారా, కూర్చున్నచోటే పాట అందుకున్నారు!

"ఏయ్, ఇప్పుడేంది? సభ అయినంక రాండ్రి" అన్నాడు వీరన్న.

"తీజ్ అడిగేటప్పుడు అడ్డమొస్తే కండ్లు పోతయ్ వీరన్నా!" అని ఆడవాళ్ల గుంపు కసిరింది.

"నాయక్ తాతా, తీజ్ ఆడతం. మాటియ్యి" అంది సంగీత.

లాల్‌సింగ్ లేచాడు. ఆయనేం వెర్రివాడు కాదు, విషయం పసిగట్టాడు. "ఎక్కడాడతరు బిడ్డా?" అన్నాడు మెల్లగా.

"ఎప్పుడాడే జాగలనే."

పాట ఆగింది. లాల్‌సింగ్ వీరన్న వైపు చూశాడు. 'ఈ ఏడు బడి వెనక ఆడుకోండ్రి' అన్నాడంటే? అయ్యో, ఈ ముక్క ముందే తట్టలేదే! సంగీత బుట్టను ఇంకా గట్టిగా పట్టుకుంది. వెనక నుంచి చిన్నపిల్ల రూప్లి, "అక్కా, చేతులు గుంజుతున్నయే" అని మూలిగింది.

"దించకు!" అంది సంగీత పంటి బిగువున.

అప్పుడు లేచింది జమ్లి. "తమ్మీ! నీ తలపాగల మొట్టమొదలు తీజ్ మొలకలు చెక్కిందెవరురా?"

"నువ్వే అక్కా."

"యాడ?"

లాల్‌సింగ్ గ్రౌండు వైపు చూశాడు. చెయ్యి దానంతటదే తలపాగా మీదికి పోయింది. ఆయన కళ్లు చెమ్మగిల్లడం సంగీత చూసింది.

"ఆడుండ్రి" అన్నాడు. "మీ దాదీలాడిన జాగలనే ఆడుండ్రి. మాటిచ్చిన!"

ఇక చూడాలి ఆ కేకలు, ఆ ఈలలు! బుట్టలు గాల్లోకి ఎగిరాయి. జమ్లి కొంగు నడుముకు దోపి రెండు అడుగులు వేసింది కూడా.

వీరన్న తల పట్టుకున్నాడు. "మరి రోడ్డు, నాయక్?"

"రోడ్డు గూడ కావాలె. ఆ మంచం మోసినోళ్లల్ల నేనొకణ్ని. గాని గ్రౌండుల ఆడేది వీళ్లు. వీళ్లనడగకుండ మనం చేతులెత్తుడే తప్పు. అడుగు వీరన్నా."

వీరన్న ఒక్క క్షణం మొహం ముడుచుకున్నాడు. తర్వాత తనకే నవ్వొచ్చింది. "చెప్పమ్మా సంగీతా. గ్రౌండు పోవద్దు, రోడ్డు రావాలె. ఏం జేద్దాం?"

అన్నీ అనుకుని వచ్చింది గానీ, ఇది మాత్రం అనుకోలేదు సంగీత. 'నీళ్లు తే', 'సదువుకో', 'అవతలికి పో' అన్నవాళ్లే గానీ, 'ఏం జేద్దాం' అని పెద్దవాళ్లు ఆమెను ఎన్నడూ అడగలేదు. సంతోషంతో ఏడుపు తన్నుకొచ్చింది. ఓణీతో ముక్కు తుడుచుకుంది.

"చెప్తం మామా. గాని నిలబడి చెప్పే ముచ్చట గాదది. జర జరుగుండ్రి."

వీరన్న జరిగాడు. ఆయన జరిగితే సెక్రటరీ జరిగాడు, సెక్రటరీ జరిగితే పెద్దలంతా జరిగారు. ఆడపిల్లలు బుట్టలు ఒళ్లో పెట్టుకుని టార్పాలిన్ మీద కూర్చున్నారు.