చివరి పెట్టె మీద శ్రీ

మార్కాపురంలో చెన్నకేశవరావు దుకాణం నుంచి పలకల పెట్టె ఏ ఊరికి పోయినా, పైపలక మీద ఆయన బలపంతో శ్రీ రాయందే మూతకు మేకు దిగేది కాదు. దర్శి, కనిగిరి అంగళ్ళవాళ్ళు ఆ శ్రీ చూసి, లోపల పగిలినవి ఉండవని నమ్మేవారు. ఆ రోజుల్లో పలకపొడి ఇల్లంతా పరుచుకుని అన్నంలో కూడా పంటికి తగిలేది.

ఇప్పుడు దుకాణం మూసేస్తున్నారు. బేస్తవారిపేట బడికి పోవలసిన ఒక్క పెట్టె మిగిలింది. ఆయన చెయ్యేమో వణుకుతోంది.

“నువ్వే రాయమ్మా. కోడి గీరినట్టుండే రాత నేను పంపలేను,” అన్నాడు కూతురు సావిత్రితో.

ఆమె ప్రాణం చివుక్కుమంది. తనకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మనిషి కదా, తనకొచ్చిన విద్యతోనే ఆయన్ని మళ్ళీ రాయించాలనుకుంది. తెర మీద నల్లటి పలక తయారుచేసింది. మౌస్ ఎక్కడుందో కంప్యూటర్ క్షణక్షణం చెబుతుంది. ఆ చోట్లు కలుపుకుంటూ పోతే గీత. పక్కపక్క చోట్లకు సగటు కట్టి, వణుకు కనబడకుండా చేసింది.

“ఇందులో రాయి నాయనా. వణకదు.”

మౌస్ పట్టిన చెయ్యి బల్ల మీద, అక్షరం ఎదురుగా తెర మీద. పాపం, నానా తిప్పలు పడ్డాడు. చివరికి అచ్చు పోసినట్టు శ్రీ వచ్చింది. సావిత్రి మురిసిపోయింది. ఆయన మాత్రం తన చేతినొకసారి, తెరనొకసారి చూశాడు.

“ఇది ఎవరు రాసినారు?”

“నువ్వే గదా.”

“నా చెయ్యి ఇట్ల పోలేదే,” అంటూ వేలు నాలుకకు అద్దుకుని తెర మీద రుద్దాడు. శ్రీ చెక్కుచెదరలేదు. మళ్ళీ రుద్దాడు. పలకల మధ్యే తల నెరిసిన మనిషికి చెరపడమంటే అదే మరి. సావిత్రికి నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. చిన్నప్పుడు తన వంకర అక్షరాలను ఆ తడివేలు ఇలాగే తుడిచేది, ఒక్క మాట అనకుండా.

“నా వంకర రాతలు ఎన్ని చూసినావు నాయనా. ఎప్పుడన్నా సిగ్గుపడినావా?”

ఆయన తెర ముందు నుంచి లేచాడు. “బలపం యాడుంది?” అన్నాడు.

పెట్టె ముందు కూర్చున్నాడు. బలపం కీచుమంటూ కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. సావిత్రి సాయం పట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. శ్రీ వంకరపోయింది, గుడిదీర్ఘం ఒక పక్కకు ఒరిగింది. ఆయన వేలు తడిచేసుకున్నాడు. పలక దాకా తెచ్చి, ఆపి, పంచెకు తుడుచుకున్నాడు.

“మేకు కొట్టమ్మా.”