చిన్న మార్కండేయులు

హేమావతికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తాను హిందూపురం గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాల చేతులు కుడుతుండగా, సోమందేపల్లిలో రోడ్డు పక్కనున్న ఇంట్లో తిప్పమ్మవ్వకు కునుకు పడితే, ఎనిమిది నెలల పిల్లోడు పాక్కుంటూ హైవే మీదికి పోతాడేమోనని. తిప్పమ్మ, హేమావతి మొగుడు రమేష్‌కు అవ్వ. రమేష్ లారీ మీద పోతే వారానికొకసారి వస్తాడు.

ఫ్యాక్టరీలో పిల్లల గది లేక కాదు. ఊయలలున్నాయి, బొమ్మలున్నాయి, ఆయా ఉంది. పిల్లలే లేరు. మిషను మీది ఆడవాళ్ళు పాలివ్వడానికి లేస్తే టార్గెట్ పడిపోతుందని, ఫ్లోర్ ఇన్‌చార్జి మార్కండేయులు సారు బాగా ఆలోచించి, బిడ్డల్ని తెచ్చుకునే భాగ్యం, కుట్టిన చొక్కాల్లో తప్పులు వెతికే చెకర్లకు మాత్రమే ఇచ్చాడు. ఆ చెకర్లలో ఒక్కరికీ పెళ్ళి కాలేదు.

"అయితే నువ్వు చెకర్ కావల్ల," అంది పక్క మిషను హనుమక్క. సార్ల మనసులు చదవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. "పనొస్తే చెకర్‌ని చేస్తారనుకుంటాండావా, పిచ్చిదానా! సారు నగితే నగల్ల, దగ్గితే నీళ్ళియ్యల్ల. అది అందరూ చేస్తాండారులే. నీ పిల్లోనికి ఇంకా పేరు పెట్టలేదు కదా? సారు పేరు పెట్టు."

"ఇంట్లో తాత పేరు, ఈరన్నని అనుకున్యారక్కా."

"ఈరన్న వచ్చి నిన్ను చెకర్‌ని చేస్తాడా?"

అవ్వ మొగుడు ఈరన్న చనిపోయి చాలా ఏండ్లయింది కాబట్టి చేయలేడు. ఏడో తరగతితో బడి మానేసిన హేమావతికి కూడా ఈ లెక్క అర్థమయింది.

పేరు పెట్టే రోజు సారు ధర్మవరం పట్టుపంచె కట్టుకుని బండి మీద వచ్చాడు. బిడ్డ చెవిలో తన పేరు చెబుతుంటే విని కళ్ళు తుడుచుకున్నాడు. "నా కొడుకే నా పేరు మనవడికి పెట్టనన్యాడమ్మా! ఈ నుదురు చూడండి, అచ్చం ఆఫీసరు నుదురు!"

"మా ఆయప్ప పేరు పాయ," అంది అవ్వ, సారుకు వినబడేట్టే. "ఈ మార్కండేయులు ఎవరే, మన వంశంలో యాడా లేడు?"

సోమవారానికల్లా హేమావతి చెకర్ అయింది. కుట్టు వంకర పోతే కనిపెట్టగలదా అని ఎవరూ అడగలేదు. బిడ్డను చంకనేసుకుని వచ్చి పిల్లల గదిలో దింపింది. ఖాళీ ఊయలలు ఊపి ఊపి విసిగిన ఆయా బాలమ్మకు ఆనందం పట్టలేదు. ఆమె గొంతేమో సంతలో కూరగాయలమ్మిన గొంతు.

"ఓ హేమావతీ! మార్కండేయులు పోసుకున్యాడు!"

మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి.

"నోట్లో ఏం పెట్టుకున్యావురా మార్కండేయులూ? కక్కు! దొంగ నాయాలా, కక్కు!"

"గుడ్డ మార్చు బాలమ్మా, సారు తడిసిపోతాండాడు!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. హనుమక్క మిషను కిందికి తల దూర్చి మరీ నవ్వింది. సారు గది ఆ పక్కనే. అద్దం తలుపు వెనక ఆఫీసరు నుదురు ఎర్రబడడం అందరికీ కనిపించింది.

మధ్యాహ్నం పిలుపు వచ్చింది.

"పోస్టు నీదేనమ్మా. పిల్లోన్ని మాత్రం రేపట్నుంచి తేవద్దు. డిసిప్లిన్ పోతాండాది."

"పేరు మారుస్తా సార్. ఈరన్నని పిలుచుకుంటాం."

సారు కుర్చీలోంచి లేచాడు. "చెవిలో చెప్పిన పేరు తీసేస్తావా? అంత బరువైనానా నీకు?"

"అయితే నన్ను మళ్ళీ మిషను మీదికే పంపండి సార్. పొద్దు గూకకముందే ఇల్లన్నా చేరతా."

"నా పేరు పెట్టుకున్న బిడ్డ తల్లి మిషను తొక్కల్లనా? నా మర్యాదేం కావల్ల?"

ఆ విధంగా హేమావతి ఫ్యాక్టరీలో ఎవరూ ఎదగనంత తొందరగా ఎదిగింది. టైలర్లు ఐదింటికి వెళ్ళిపోతారు. చెకర్ మాత్రం ఆఖరి పెట్టె లారీ ఎక్కేదాకా నిలబడాలి. సారు రోజూ సాయంత్రం ఆమె బల్ల దగ్గర ఆగి, "చిన్న మార్కండేయులు బాగుండాడా?" అని ప్రేమగా అడుగుతాడు. "మీ దయ సార్," అంటుంది. బాగున్నాడో లేదో ఆమెకేం తెలుసు?

పెనుకొండ నుంచి హిందూపురం బస్సులో పోయేవాళ్ళెవరైనా సోమందేపల్లిలో టీకి దిగితే, రోడ్డు పక్కన నీలం తలుపు ఇంట్లోకి ఒక్కసారి తొంగి చూడండి. పిల్లోడు లోపలే ఉన్నాడా, అవ్వ మేలుకొని ఉందా. పడుకుని ఉంటే మొహమాటపడకండి, గట్టిగా పిలిచి లేపండి.