శనివారం గంట

వాల్‌ఫ్రిడ్ ఎడమ బూటు తాడు మళ్లీ ముడివేసి, మోకాళ్లు పట్టుకుని లేచాడు. శనివారం కదా, తిరగాలి. ఆ అడవి పల్లెల చర్చిలన్నిటికీ పాస్టరు ఒక్కరే. ఆదివారం ఆరాధన ఏ చర్చిలో జరుగుతుందో ఇంటింటికీ వెళ్లి చెప్పడం, సాయంత్రం గంట కొట్టడం చర్చి సేవకుడైన అతని పని. వెళ్లిన చోటల్లా కాఫీ ఇచ్చేవారు. వారం మొత్తంలో ఆ ఒంటరివాడు మనుషులతో మాట్లాడేది అప్పుడే.

సంఘంలో కబుర్లు అందరికీ సరిగ్గా అందడం లేదని కొత్త పాస్టరమ్మ ఆన్నెలి అందరినీ ఫోను గ్రూపులో చేర్చింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి; వాల్‌ఫ్రిడ్ దగ్గర అలాంటి ఫోనే లేదు. "ఇక మీ కాళ్లకు విశ్రాంతండీ," అంది, మంచి మనసుతోనే.

హుల్డా తలుపు సగమే తీసింది.

"రేపు ఆరాధన ఏటి అవతల..."

"తెలుసులేవయ్యా, పొద్దున్నే ఇందులో వచ్చింది," అని ఫోను చూపించింది. "కాలుగాలిన పిల్లిలా ఈ మంచులో నీకెందుకీ తిరుగుడు? కాఫీ పెట్టేదాన్నే, పొయ్యిలో రొట్టె ఉంది."

పక్కింటివాళ్లు తెలుసన్నట్టు కిటికీలోంచే బొటనవేలు ఎత్తి చూపారు. తరవాతి ఇళ్లలోనూ అంతే. చెప్పడానికి ఏమీ లేని మనిషిని ఎవరు మాత్రం ఎందుకు కూర్చోబెడతారు? అతనికి ఏడుపొచ్చింది. దారిలో ఎవరూ లేరు కాబట్టి తుడుచుకోలేదు.

ఆ సాయంత్రం ఆదివారాన్ని పిలిచే గంట ఆరింటికి మొదలై, నడుమనే తడబడి ఆగిపోయింది. వెనకటి రోజుల్లో అయితే ఎవరో ఒకరు కోటు తగిలించుకుని చర్చి ఉన్న గుట్టెక్కేవారు. హుల్డా ఫోను చూసుకుంది. పక్కింటివాళ్లూ చూసుకున్నారు. అందులో ఏమీ లేదు. ఏమన్నా అయితే వచ్చేదేగా అనుకుని భోజనాలకు కూర్చున్నారు.

మర్నాడు ఏటి అవతలి చర్చిలో అతను కనబడలేదేమని పాస్టరమ్మ అడిగింది.

"ఎవరింట్లోనో కాఫీ దగ్గర అతుక్కుపోయుంటాడు," అంది హుల్డా. అందరూ నవ్వారు.

సోమవారం పాస్టరమ్మ గంటగోపురం తలుపు తీసింది. గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కబురు క్షణంలో అందరికీ అందింది. ఎవరూ ఎవరింటికీ వెళ్లి చెప్పాల్సిన పని లేకపోయింది.

అతన్ని తీసుకెళ్లాక, మెట్టు మీద అతని తోలు చేతితొడుగులు మిగిలాయి, వేళ్లు ఇంకా ఏదో పట్టుకున్నట్టు వంగి.