చూపు రాని మందు

బూగురిబా ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, చూపు పోగొట్టే జబ్బుకి ఏటా మాత్రలు పంచే పనికి జనమే కూర్చుని సిదోనీని ఎంచుకున్నారు. మనిషి ఎత్తుని బట్టి ఎన్ని మాత్రలో చెప్పే కొలకర్ర చంకన పెట్టుకుని ఆమె ఇల్లిల్లూ తిరిగింది. అత్తవారి వాకిట్లో మాత్రం అడుగు వెయ్యబోయి ఆగింది.

మామ జియెమ్ మాత్ర ముట్టడు. ఆయన ముట్టకపోతే కొడుకులూ ముట్టరు.

"కోడలా, నీ కర్ర చప్పుడు వినబడింది. పక్కింటికి పో," అన్నాడాయన, కోలలతో వాయించే బాలాఫోన్ చెక్కపలకల కింద సొరబుర్రలు బిగిస్తూ. చూపు పోయినా ఆ చుట్టుపక్కల ఆయనలా వాయించేవాడు లేడు.

ఆయన మొండితనానికి కారణం ఉంది. సిదోనీకి ముందు మందు పంచినవాడు, ఇది మింగితే చూపు వస్తుందని ఆశపెట్టాడు. జియెమ్ మింగాడు. మొహం వాచింది, ఒళ్ళంతా దురద. ఓర్చుకున్నాడు. ఆ వానాకాలమంతా రోజూ పొద్దున్నే తూర్పుకి తిరిగి, కళ్ళు విప్పుకుని కూర్చున్నాడు. ఏమీ రాలేదు.

"మామయ్యా, మీకు చూపు రాదు," అంది సిదోనీ.

పక్కనే కూర్చున్న ఆమె భర్త బెర్నార్ ఉలిక్కిపడ్డాడు. ముసలాయన వేళ్ళు ఆగిపోయాయి.

"ఇన్నాళ్ళకి ఒకరు నిజం చెప్పారు. మరి నాకెందుకు? నీ డబ్బా బరువు తగ్గించడానికా?"

"మీ చర్మం కింద పురుగులున్నాయి. వాటి పిల్లలే మిమ్మల్ని రాత్రంతా గోకిస్తున్నాయి. ఏటి దగ్గరి నల్ల ఈగ మిమ్మల్ని కుట్టి వాటిని పీల్చుకుపోతుంది, వెళ్ళి ఇంకొకరిని కుడుతుంది. మాత్ర వేసుకుంటే ఆ పిల్లలు చస్తాయి, అప్పుడు మీకు వాచింది అందుకే. ఈగకి మోసుకుపోవడానికి ఏమీ మిగలదు."

బెర్నార్‌కి కూడా ఈమధ్య చూపు మసకబారుతోంది. సందె వేళ గడపలు తన్నుకుంటున్నాడు. ఆ చప్పుడు ముసలాయనకి తెలుసు.

"వీడికి నా నుంచే వచ్చిందా?"

కాదని చెప్పేస్తే పోయేది. సిదోనీ కర్ర కింద పెట్టింది. "తెలీదు మామయ్యా. ఏ ఈగ ఎవరిని కుట్టి వచ్చిందో ఎవరు చెప్పగలరు? మీకు మాత్రం ఎవరి నుంచో రాలేదా?"

ఆయన గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

"ఆయనకున్న చీకటి చాలదా? ఈ బరువు కూడా నెత్తిన పెట్టావ్," అన్నాడు బెర్నార్. సిదోనీ కర్ర తీసుకుని పక్కింటికి నడిచింది.

సంత రోజు జొన్నబీరు కుండల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. జియెమ్ బాలాఫోన్ మంచి ఊపులో ఉంది. ఉన్నట్టుండి చేతిలోని కోలలు పక్కన పెట్టేశాడు.

"సిదోనీ! ఎక్కడున్నావే? నీ కర్ర పట్టుకురా!"

ఆమె పరుగున వచ్చింది. ఆయన కర్రకి వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

"సరిగ్గా కొలువు. ముసలితనంలో కుంగిపోయానేమో, ఓ మాత్ర మిగిలినా మిగులుతుంది."

"నోరు పొడుగు కూడా కొలవమ్మా, డబ్బా ఖాళీ అవుతుంది!" అంది బీరు అమ్మే ఒకావిడ. అందరూ గొల్లుమన్నారు.

ఆయన నవ్వలేదు. మాత్రలు అరచేతిలో తడిమి చూసుకుని మింగాడు. "చూపు కోసం కాదు," అన్నాడు జనం వైపు తిరిగి. "రేపు నా మొహం వాస్తుంది. వచ్చి చూడండి. వాచినా చావనని తెలుస్తుంది."

వాచింది. దురదకి షియా గింజల వెన్న రాయించుకుంటూ వాకిట్లోనే కూర్చున్నాడు. భయపడి తప్పుకున్నవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి చూసిపోయారు. బెర్నార్ తండ్రి ఎదురుగానే మింగాడు.

బెర్నార్‌కి పోయిన చూపు తిరిగి రాలేదు. కానీ మసక అక్కడితో ఆగింది. జియెమ్ ఏటేటా మింగుతూనే వచ్చాడు. ఆయన పోయిన చాలా కాలానికి జిల్లా నుంచి వచ్చినవాళ్ళు ఊళ్ళోని పిల్లల వేళ్ళ నుంచి రక్తపు చుక్కలు తీసుకెళ్ళి, ఒక్కరిలోనూ ఆ జబ్బు జాడ లేదని కబురు పంపారు.

ఆ కబురు వచ్చిన ఏడు వానలకి బెర్నార్ ఏటి పక్కన పొలంలోకి దిగాడు. ఈగల భయానికి తాతల నాడే వదిలేసిన నేల అది. సిదోనీ అతని వెనకే నడుస్తూ అతను తవ్విన గుంటల్లో జొన్న గింజలు వేసి మట్టి కప్పింది.