వెనక చక్రం

“మెల్లగ కొట్టే. అది ఇరుసు, కొబ్బరికాయనుకున్నావేటి?”

నులకమంచం మీద కూర్చుని అన్నాడు ఢిల్లేశ్వరరావు. మంచం మీంచి చూస్తే ఏ పనైనా తేలిగ్గానే కనిపిస్తుంది మరి. అతని భార్య ప్రమోదిని మారు మాట్లాడకుండా ఇరుసు చివర చెక్కముక్క అడ్డం పెట్టి, సుత్తితో ఇంకో దెబ్బ వేసింది. ఇరుసు కదిలింది. అవతలి పక్కనుంచి దాన్ని లాగేసి, చైను తప్పించి, మోటారుసైకిలు వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని గోనెపట్టా మీదకి దింపింది.

ఉద్దానంలో కొబ్బరితోట ఉన్నవాళ్లకి గెల మీద పడి చెయ్యి చితకడం వింతేమీ కాదు. పోయిన వారం ఢిల్లేశ్వరరావు కుడి మణికట్టు మీద గెల పడింది. కవిటి వెళ్లి కట్టు కట్టించుకుని వచ్చాడు. సరిగ్గా అప్పుడే బండి వెనక చక్రం గుర్రుమనడం మొదలుపెట్టింది. దానికి ఏటా అదే రోగం. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లడానికి అతనికి బద్ధకం. సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని, తడి ఇసక మీదుగానే డొంకూరు పోయి చేపలు తెస్తాడు. ఉప్పునీళ్లు బేరింగుల్ని తినేస్తాయి. “మెకానిక్కెందుకు? నా బండి నానే ఇప్పుతాను, నానే బిగిత్తాను” అని ఊరంతా చెప్పుకుంటాడు. విప్పేది అతనే, కాదనలేం. కిరసనాయిలు గిన్నె అందించేది, గుడ్డపీలికలు తెచ్చేది, ఇసకలో పడ్డ నట్టు వెతికేది, దొరక్కపోతే తిట్లు తినేది, ఆఖర్న గ్రీజు మరకల లుంగీని బండకేసి బాదేది మాత్రం ప్రమోదిని. ఈసారి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి పానా ఆమె చేతికి వచ్చింది. అదీ వీధివైపు తడిక మూసుకున్నాకే. పెళ్లాం చేత బండి బాగుచేయించుకుంటున్నాడని ఎవరైనా చూస్తే పరువు పోదూ!

బండి కడిగే పని మాత్రం పెళ్లయి వచ్చిన నాటినుంచీ ఆమెదే. దానికి తడిక మూయాలని ఎవరికీ తోచలేదు.

రెండేళ్ల కిందట, ఆరో నెల కడుపుతో ఉన్నప్పుడు కూడా ఆమే కడిగింది. మర్నాడు పలాస వెళ్లి డాక్టరమ్మకి చూపించుకోవాలి. “ఇసక బండేసుకుని ఊల్లోకి ఎలగెల్తాం? బేగి కడిగీ” అన్నాడు. నూతిలో నీళ్లు తోడి బిందెలతో గుమ్మరించి, కొబ్బరిపీచుతో తోమి, అద్దంలా చేసి పెట్టింది. మర్నాడు సుమ్మాదేవి స్టేషను దాటాక వెనక చక్రం కిర్రుమంటూ అటూ ఇటూ ఊగింది. అతను బ్రేకు తొక్కితే పట్టలేదు. ఒక పక్కకి కాళ్లు పెట్టుకుని కూర్చున్న ప్రమోదిని రోడ్డు మీద పడింది. పలాస ఆస్పత్రిలో ఆమెకి తెలివి వచ్చేసరికి కడుపు ఖాళీ అయిపోయింది.

ఇంటికి తీసుకొచ్చాక మొదటి మాట అత్త పైడమ్మ అంది. పైడమ్మ పరాయిది కాదు, సొంత మేనత్త. చిన్నప్పుడు ప్రమోదినికి జడలు వేసిన చెయ్యి. “బిందెలకి బిందెలు గుమ్మరించి సెక్రంలోకి నీళ్లు పంపీసినాది. బండి కడిగినాననుకున్నాది గానీ కడుపే కడిగీసుకున్నాది” అంది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లంతా విన్నారు. గుమ్మంలో నిలబడ్డ ఢిల్లేశ్వరరావు కూడా విన్నాడు.  పక్కింటి కాసులమ్మ ఒక్కర్తీ దగ్గరికి వచ్చి వీపు నిమిరి, “పోనీలేవే, తెలక సేసినావు” అంది. ఓదార్పు కోసం అన్న ఆ మాట ప్రమోదినికి అత్త మాటకంటే లోతుగా దిగింది. ఓదార్చడానికి వచ్చిన మనిషి కూడా తప్పు తనదేనంటే ఇంకేం మిగిలింది?

అప్పటినుంచీ ఆమె ఎదురు చెప్పడం మానేసింది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే సరే అంది. తోటలో రాలిన కాయలన్నీ ఒక్కర్తే మోసుకొచ్చి ఒలిచింది. చుట్టాల ఇంట్లో సీమంతానికి పిలుపు వస్తే, “నువ్వెందుకులే, ఇంటికాడుండు” అన్నారు, ఉండిపోయింది. బిడ్డని చంపుకున్న మనిషికి కోపం తెచ్చుకునే అర్హత ఎక్కడిదని తనకి తనే చెప్పుకునేది. నూతి దగ్గర చేద పైకి వస్తుంటే, నీళ్లు ఒలికిన చప్పుడు వినపడకుండా తాడు మెల్లగా లాగేది. బండిని మళ్లీ నీళ్లతో కడగలేదు. తడిగుడ్డతో పైపైన తుడిచి, చక్రాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకునేది. దానికి కూడా పైడమ్మ “అప్పుడే ఆ గేనం ఉంటే బాగున్ను” అంటూ ఉండేది. ఏడవడానికి కూడా సిగ్గేసేది ప్రమోదినికి. చేసిందంతా చేసి ఏడుస్తోంది చూడు అంటారేమోనని.

“ఆ రబ్బరు సీలు ఊడదీసీ. స్క్రూడ్రైవరెట్టి లేపు” అన్నాడు ఢిల్లేశ్వరరావు.

లేపింది. చక్రం నడిమధ్య గుంటలో, బేరింగు చుట్టూ తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. పుష్యమాసపు చలి ఇంకా వదల్లేదు, పందిరి కింద ఎండ పడలేదు. గ్రీజు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు, లుంగీల మీద మరకలు వదిలించేది తనే కదా. ఇది గ్రీజు కాదు. వేలితో గోకి తీసింది. వేలి వేడికే అది కరిగి అరచేతిలోకి జారింది. వాసన చూడక్కర్లేకపోయింది. రోజూ తలకి రాసుకునేదే.

“ఇదేటి బావా? కొబ్బరినూనె లాగున్నాది?”

“మరేటనుకున్నావు! నూతి గిలక్కి మా నాన్న ఇదే ఏసీవోడు. జన్మలో కిర్రుమన్నేదు. కొత్త బేరింగెట్టినప్పుడు ఓ గరిటెడు పోత్తాను, మజ్జెలో సప్పుడొత్తే మరో గరిటెడు. మనింటి నూనె ముందు గ్రీజేపాటిది?”

ఆమె ఇనపకడ్డీ పెట్టి బేరింగుని అవతలికి కొట్టింది. అది తుప్పు రాల్చుకుంటూ గోనెపట్టా మీద పడింది. చేతిలోకి తీసుకుని తిప్పితే లోపల ఇసక నలిగినట్టు చప్పుడు. గుండ్ల మధ్య గ్రీజన్నదే లేదు. నూనెలో కరిగి, చారలు చారలుగా బ్రేకు వైపు కారిపోయింది. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు చెక్కలు రెండూ జిడ్డుతో నిగనిగలాడుతున్నాయి. ఆమె ఒకదాని మీద వేలు రాసి చూస్తే జారిపోయింది. ఆ రోజు బ్రేకు ఎందుకు పట్టలేదో ఆమెని ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

“ఆ యేడు కూడా పోసినావా?”

“ఏ యేడు?”

ఏ యేడని అడిగాడు! ప్రమోదిని తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. రెండేళ్లలో అలా చూడడం అదే మొదలు.

“మనం పలాసెల్లిన యేడు.”

అతను కట్టు మీద అంటిన మట్టి దులుపుకున్నాడు. “ముందా రెండో బేరింగు తియ్యి. మల్లీ ఎండెక్కిపోద్ది” అన్నాడు. ఆమె తీసింది. తీసి, మళ్లీ అదే మాట అడిగింది. గొంతు పెంచలేదు.

“ముందురోజు సప్పుడొచ్చినాది” అన్నాడు చివరికి. “దారిలో ఆగిపోతే నువ్వు ఇబ్బంది పడతావని రెండు గరిటెలు పోసినాను. నీ గురించే గదేటి!”

“అయితే నీళ్లొల్ల కాదా?”

అతను ఎడంచేత్తో మంచం నులక పీచు పీకసాగాడు.

“బావా, నానడుగుతన్నాను. నీళ్లొల్ల కాదా?”

“పలాసా మేస్త్రి సెక్రం ఇప్పి నన్ను తిట్టినాడు. నూనె పొయ్యమని ఎవడు సెప్పినాడ్రా అని.”

“ఎప్పుడు?”

“నువ్వాస్పత్రిలో ఉన్నప్పుడే.”

అంటే పైడమ్మ ఆ మాట అన్న రోజు గుమ్మంలో నిలబడ్డ మనిషికి అన్నీ తెలుసు. కాసులమ్మ వీపు నిమిరినప్పుడు తెలుసు. సీమంతానికి రావద్దన్నప్పుడు తెలుసు. ఆమె మోకాళ్ల మీద వంగి చక్రాలకి తడి తగలకుండా బండి తుడుస్తుంటే పక్కనే నిలబడి టీ తాగుతున్నప్పుడూ తెలుసు.

“తెలిసీ మల్లీ ఎందుకు పోసినావు?”

ఢిల్లేశ్వరరావు తల దించుకున్నాడు. “మానేత్తే... నా తప్పని నానే ఒప్పుకున్నట్టు గదే.”

 కోపం వస్తుందనుకుంది ప్రమోదిని, కోపం రాలేదు. మోసపోయానన్న బాధ కూడా తర్వాత వచ్చిందే. ముందు వచ్చింది బిడ్డ మీద బెంగ. రెండేళ్లూ ఆమె తన తప్పు గురించి కుమిలిందే గానీ బిడ్డ కోసం తనివితీరా ఒక్క రోజు ఏడవలేదు. ఏడిచే చోటంతా ఆ తప్పే ఆక్రమించేసింది. ఇప్పుడు అది పక్కకి తొలగగానే, బిడ్డ ఇప్పుడే కొత్తగా పోయినట్టయింది. కన్నీళ్లు చక్రం మీద పడ్డాయి. నూనె చేతులతో తుడుచుకోవడానికి వీల్లేక పడనిచ్చింది.

ఏడుస్తూనే పని చేసింది. చేతులకి పని ఆపడం ఎవరూ నేర్పలేదు. కిరసనాయిల్లో గుడ్డ ముంచి గుంటలో నూనె ఒక్క చుక్క మిగలకుండా తుడిచింది. బ్రేకు చెక్కల్ని పెట్రోలుతో కడిగి, జిడ్డు పోయేదాకా గరుకు కాయితంతో రుద్దింది. బేరింగులమ్మిన కొట్టువాడు ఎప్పుడో అంటగట్టిన గ్రీజు డబ్బా, మూతైనా తీయకుండా అటక మీద ఉంది. దాన్ని దింపి, కొని ఉంచిన కొత్త బేరింగులకి వేలితో నిండా కూరింది. ఒకటి గుంటలో పెట్టి, దాని మీద పాత బేరింగు బోర్లించి, అంచుల వెంబడి చుట్టూ కొద్దికొద్దిగా కొడుతూ సమానంగా దింపింది. రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం మరిచిపోకుండా వేసి, రెండోది కూడా అలాగే దింపి, సీలు మూసింది. ఈసారి మంచం మీదనుంచి ఏ సలహా రాలేదు. చక్రం బిగించి ఒక్క తిప్పు తిప్పితే, చప్పుడన్నది లేకుండా తిరిగి తిరిగి దానంతటదే ఆగింది.

“బాగా బిగించినావే” అన్నాడు ఢిల్లేశ్వరరావు. పెళ్లయ్యాక అతను ఆమె పనిని మెచ్చుకోవడం అదే మొదలు. నిన్నటి రోజు అని ఉంటే పొంగిపోయేదే.

“ఆడగుంటా, మగగుంటడా?” అని అడిగింది ప్రమోదిని.

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆస్పత్రిలో ఆమెకి బిడ్డని చూపించలేదు. తల్లి చూస్తే మంచిది కాదని మగవాళ్లే గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. తర్వాత ఆమె అడగలేదు. చంపిన చేతులతో ఆ మాట ఎలా అడగాలో తెలియక, నోటిదాకా వచ్చినప్పుడల్లా మింగేసింది.

“ఆడగుంట” అన్నాడు.

“ఎక్కడెట్టినారు?”

“మన జీడితోటలోనే. తూరుపు గట్టు కాడ పెద్ద మాను నేదా, అక్కడ. మానుకి ఎటేపో గేపకం నేదు. ఆనవాలేటీ ఎట్టనేదు.” వీధి తడిక వైపు చూసి, “ఇప్పుడవన్నీ ఎందుకే? అమ్మకి మాత్రం సెప్పమాకు, ముసల్ది తట్టుకోనేదు” అన్నాడు.

ఇంతకాలం తట్టుకున్నది ఎవరో అతనికి ఇప్పటికీ తోచలేదు. ప్రమోదిని సుత్తీ పానా గోనెపట్టా మీద వదిలేసి, లేచి కొంగు బిగించుకుంది. వీధిలోకి రాగానే, నెత్తిన కొబ్బరిమట్టల మోపుతో పైడమ్మ ఎదురైంది. కోడలి చేతుల జిడ్డూ, లోపల బండీ చూసి, అలవాటైన మాటే అంది.

“నీళ్లుగానీ పోసినావేటే దానిమీద?”

“పొయ్యనేదు. ఆ యేడు కూడా నీళ్లొల్ల కాదత్తా. నీ కొడుకునడుగు, సెప్తాడు.”

పైడమ్మ మోపు దించకుండానే కొడుకు వైపు చూసింది. కొడుకు నేలవైపు చూశాడు. అప్పటికే నాలుగడుగులు వేసేసిన కోడల్ని, ఈసారి కాస్త తగ్గిన గొంతుతో పిలిచింది.

“పొయ్యి కూడా ఎలిగించకుండా ఎక్కడికెల్తన్నావే?”

“నా కూతురి కాడికి” అంది ప్రమోదిని.