రాబెన్‌బెర్గ్ స్తంభంలో సీసా

జర్మనీని ఏలిన ఛాన్సలర్ బిస్మార్క్ పోయిన నాలుగో ఏట ఆల్టెన్‌రోడ పట్టణం వాళ్లు రాబెన్‌బెర్గ్ కొండ మీద ఆయన పేర రాతిస్తంభం ఎత్తించారు. కమిటీకి అధ్యక్షుడు పింగాణీ ఫ్యాక్టరీ యజమాని ష్రామ్, కార్యదర్శి బడిపంతులు లుడోల్ఫ్ హెంకె. పని ఒప్పుకున్నది యోస్ట్ గ్రీబెల్ అనే తాపీమేస్త్రీ. అతని చేతిపని మీద ఎవరికీ అనుమానం లేదు. అనుమానమంతా మనిషి మీదే.

గ్రీబెల్ తండ్రి సోషలిస్టు. సోషలిస్టులను అణచడానికి బిస్మార్క్ తెచ్చిన చట్టం కింద లైప్‌జిగ్ పోలీసులు అతన్ని ఆ ఊరి నుంచి వెళ్లగొట్టారు. అలాంటివాడి కొడుకు ఆ పెద్దమనిషికే స్తంభం కడతానంటూ ముందుకొచ్చాడేమిటని హెంకె మనసులో పురుగు తొలిచింది. బడి కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. పిట్టల్ని చూడటానికి కొనుక్కున్న దూరదర్శినిని ఆయన స్తంభం వైపు తిప్పి పెట్టుకున్నాడు. పిల్లలు లెక్కలు చేసుకుంటుంటే ఈయన కూలీలను చూస్తూ కూర్చునేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన కంట పడనే పడింది. కూలీలందరూ గుమిగూడారు. గ్రీబెల్ కోటులోంచి సీసా ఒకటి తీసి స్తంభం గోడలో పెట్టి, పైన సున్నం మెత్తాడు. మందుగుండా, రాజద్రోహపు కరపత్రాలా? సాయంత్రం బీరుశాలలో ష్రామ్ చెవిన వేశాడు. సోమవారం పై వరస రాళ్లు పేర్చేలోగా ఆ సీసా తన బల్ల మీద ఉండాలన్నాడు ష్రామ్.

ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా హెంకె ఉలీ సుత్తీ పట్టుకుని కొండెక్కాడు. గ్రీబెల్ అప్పటికే అక్కడ రాయి మీద కూర్చుని రొట్టె, సాసేజ్ తింటున్నాడు.

"వస్తారనుకున్నాను మాస్టారూ. నిన్న మీ కిటికీలో అద్దం తళుక్కుమంది."

"అందులో ఏం దాచావు?"

"నేను చెబితే నమ్ముతారా? మీరే తీసి చూసుకోండి. రాయి అంచు మాత్రం పగలగొట్టకండి, నేను మళ్లీ చెక్కాలి."

సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. హెంకె సీసా లాగి బిరడా తీశాడు. లోపల ఉన్నది ఒకే ఒక్క కాగితం. పైన గ్రీబెల్ రాత: 'ఈ స్తంభం కట్టినవాళ్లం మేము. ఈయన చట్టం వల్ల మాలో ముగ్గురి తండ్రులు ఇల్లూ వాకిలీ వదిలి పోయారు. అయినా రాతిలో మోసం చేయలేదు. ప్రతి రాయీ సరిగ్గానే కూర్చోబెట్టాం.' కింద పన్నెండు సంతకాలు.

హెంకె కాగితాన్ని ఎండకు పట్టి చూశాడు, కనబడని సిరాతో ఇంకేమైనా రాశారేమోనని. ఏమీ లేదు. అప్పుడు సంతకాలను పరీక్షగా చూశాడు. తొమ్మిదింటిలో పెద్దక్షరాల ఒంపు ఒకటే తీరు. ఆ ఒంపు ఆయన నేర్పిందే. బెత్తం పుచ్చుకుని, వేళ్లు పట్టి దిద్దించిన రాత.

"తిరిగి పెట్టెయ్" అన్నాడు చివరికి.

గ్రీబెల్ కదల్లేదు. "కిందికి దిగగానే పోలీసుల దగ్గరికి పోరని ఏమిటి నమ్మకం? మీరూ సంతకం పెట్టండి, అప్పుడు నమ్ముతా."

"నా ఉద్యోగం పోతుంది."

"మా పనులూ పోతాయి మాస్టారూ."

హెంకె పెన్సిలు తీసి పదమూడో పేరు రాశాడు. గ్రీబెల్ దాన్ని రెండుసార్లు చదువుకుని, సీసాను గోడలోకి తోసి, తాపీతో సున్నం నునుపు చేశాడు.

అది ఖాళీ సారాసీసా, కూలీలు తాగి దాచారని హెంకె ఆ సాయంత్రమే ష్రామ్‌కు చెప్పాడు.

"మరి ఆ ఖాళీ సీసా ఏదీ?" అన్నాడు ష్రామ్.

"పొదల్లోకి విసిరేశాను."

ష్రామ్ ఆయన మొహంలోకి చూసి ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే హెంకెను ఎక్కువ భయపెట్టింది. మర్నాడు పై వరస రాళ్లు కట్టేశారు. రెండు వారాలకు బడుల తనిఖీ అధికారి వచ్చి, హెంకె ఏ పత్రిక చదువుతాడో, ఎవరితో కూర్చుని తాగుతాడో ఆరా తీసి వెళ్లాడు. ప్రారంభోత్సవంలో చదవాలని హెంకె రాసుకున్న పద్యాన్ని పాస్టరు చేత చదివించారు. ప్రారంభానికి గుర్తుగా స్తంభం నెత్తిన మంట వెలిగించిన సాయంత్రం కమిటీ వరసలో ఆయనకు కుర్చీ లేదు. జనంలో నిలబడి ఆయన వెతికిందల్లా గ్రీబెల్‌నే. బీరు ఎక్కితే వాడి నోరు ఊరుకుంటుందా అని.

ఆ భయం గ్రీబెల్‌కూ ఉన్నట్టుంది. తర్వాత పద్దెనిమిదేళ్లు ఇద్దరూ ఒకే బీరుశాలలో చెరో మూల కూర్చుని, అవతలివాడు ఎన్నో గ్లాసులో ఉన్నాడో కనిపెట్టుకుంటూ ఉండేవారు. పలకరింపు ఒక్క తలూపుతో సరి. ఇద్దరిలో ఎవరూ మూడో గ్లాసు ముట్టలేదు.

ముందు పోయింది గ్రీబెల్. రాయికొట్టేవాళ్లు మోసుకెళుతున్న శవపేటిక వెనకాల ముసలి హెంకె టోపీ చేత పట్టుకుని శ్మశానం దాకా నడిచాడు. ఈ మనిషికి అతనితో ఏమిటి సంబంధమని జనం చెవులు కొరుక్కున్నారు. హెంకె తలవంచుకుని పిడికెడు మట్టి వేసి, ఇంటిదారి పట్టాడు.