ఉక్కు చేతులు

"ఆ నీళ్ళగిన్నె కాస్త దించు. నీకెటూ వేడి తెలియదుగా" అన్నాడు భర్త, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. పొయ్యి మీద అత్తగారి స్నానానికి నీళ్ళు సలసల కాగుతున్నాయి. పక్కనే మసిగుడ్డ ఉంది. ఆ ఇంట్లో దాన్ని ముట్టుకునేవాళ్ళు లేక చాలాకాలమైంది. ఆమె చేతులుండగా మసిగుడ్డ ఎందుకు?

ఇదంతా కిందటేడు మొదలైంది. ఓరోజు పాలు పొంగిపోతుంటే కంగారులో ఒట్టి చేతులతోనే గిన్నె దించేసింది. కనీసం 'అబ్బా' అనలేదు. అత్తగారు నోరు వెళ్ళబెట్టి, "ఉక్కు చేతులే పిల్లా నీవి" అంది. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ నోటి నుంచి రాలిన మొదటి మెచ్చుకోలు అది. ఆ ఒక్క ముక్కకే ఈమె ఉబ్బితబ్బిబ్బయింది. చుట్టాలొస్తే అత్తగారు "ఏదీ, చూపించు" అనడం, ఈమె పొగలు కక్కే గిన్నె పట్టుకుని నవ్వుతూ నిలబడడం. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. మర్నాడు కుట్టుమిషను ముందు కూర్చున్నాక, వేలికి దారం అంటుకుని తోలు లేచి వస్తే అప్పుడు తెలిసేది, బొబ్బ లేచిందని. సూది వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో కూడా కళ్ళతో చూసుకుంటే గానీ తెలిసేది కాదు.

తమాషా ఏమిటంటే, ఆ ఉక్కు చేతులు పట్టుకునే మంచినీళ్ళ గ్లాసు మాత్రం కిటికీ గట్టు మీద విడిగా ఉండేది. మొగుడూపెళ్ళాలిద్దరికీ హెచ్.ఐ.వి. ఉందని ఒకే వారంలో తేలింది, అదీ ముందు అతనికే. ఇద్దరూ మింగేది ఒకే మాత్ర. అయినా అతని గ్లాసు అరలో అందరి గ్లాసుల మధ్యే ఉంది. కొడుక్కొస్తే గ్రహపాటు, కోడలికొస్తే రోగం. ఆమె కాచిన నీళ్ళు పనికొస్తాయి, వండిన అన్నం పనికొస్తుంది, తాగిన గ్లాసే పనికిరాదు.

నిన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమెను కళ్ళు మూసుకోమంది. "దూదితో తాకుతాను. ఎక్కడ తగిలితే అక్కడ చెప్పమ్మా" అంది.

కాసేపు ఎదురుచూసి, "ఇంకా మొదలుపెట్టలేదా మేడం?" అని అడిగింది ఆమె.

అప్పటికి రెండు చేతులూ మణికట్టు దాకా అయిపోయాయి.

"ఈ జబ్బులో తిమ్మిరి మామూలుగా పాదాల్లో మొదలవుతుంది. నీకు ముందు చేతులకే వచ్చింది, ఇది అరుదు. వైరస్ మందులకి బాగా లొంగింది, దాని గురించి భయం లేదు. నరాలెందుకు దెబ్బతిన్నాయో పరీక్షలు చేసి చూద్దాం" అంటూ అరచేతులు తిప్పి చూసి ఆగిపోయింది డాక్టరమ్మ. "ఈ కాలిన మచ్చలేంటి?"

చెప్పింది. విని ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"స్పర్శ లేని చేతుల్ని ఇంకా ఎక్కువ కాపాడుకోవాలమ్మా. పుండు పడి ముదిరితే వేళ్ళు తీసేయాల్సి రావచ్చు. ఏం పని చేస్తావు?"

"బట్టలు కుడతాను" అని, తెలియకుండానే వేళ్ళు ముడుచుకుంది ఆమె. తన అన్నం, తన పేరు, తనకంటూ మిగిలిన ధైర్యం, అన్నీ ఆ వేళ్ళలోనే ఉన్నాయి. బస్సెక్కేటప్పుడు ఒకటే భయం. దిగేసరికి భయం పోయి కోపం మిగిలింది. ఆ కోపం ఎంతో హాయిగా ఉంది.

"నీకే చెప్పేది. అమ్మ స్నానానికి ఆలస్యమవుతోంది" అన్నాడు భర్త.

ఆమె పొయ్యి ఆర్పింది. మసిగుడ్డ తీసుకెళ్ళి అతని ఒళ్ళో వేసింది. "మీకు వేడి తెలుస్తుందిగా. మీరే దించండి."

అతను విసుగ్గా లేచాడు. గుడ్డ పట్టుకోవడం నామోషీ అనుకున్నాడో ఏమో, దాన్ని కుర్చీలో పడేసి వెళ్ళి గిన్నె అంచు పట్టుకున్నాడు. "అబ్బా" అంటూ వెంటనే వదిలేశాడు. అత్తగారు పరుగున వచ్చి, "కాలిందా నా తండ్రీ" అని వేళ్ళ మీద ఊదసాగింది. ఈలోగా ఆమె కిటికీ గట్టు మీది గ్లాసు తెచ్చి అరలో అందరి గ్లాసుల మధ్య పెట్టింది.

"అదేంటి, అక్కడ పెట్టావు?"

"ఇకనుంచి ఇక్కడే ఉంటుంది అత్తయ్యా. గ్లాసుతో అంటేదైతే, మీ అబ్బాయి గ్లాసుతో మీకెప్పుడో అంటేది."

"ముందు వాడి చెయ్యి చూడు, ఎలా కాలిందో" అంది అత్తగారు.

ఆమె చూసింది. కుళాయి తిప్పి అతని చేతిని నీళ్ళ కింద పట్టింది. దాని పక్కనే తన రెండు అరచేతులూ చాపింది.

"నావీ ఇలాగే కాలేవి అత్తయ్యా. అరవలేదు, అంతే."